తడవని సాక్షి

గోదావరికి వరదొస్తే ముందు లంకలు మునుగుతాయి, ఆ తరువాత ఆఫీసు ఫోన్లు మునుగుతాయి. మొదటిదానికి ఎవరి దగ్గరా మందు లేదు గానీ, రెండోదానికి ఆ ఏడాది జిల్లా వరద కేంద్రంలో ఒక మందు కనిపెట్టారు. దాని పేరు జన సమాచార విశ్వసనీయతా నిర్ధారణ విభాగం. పేరు బోర్డులో పట్టక చివరికి వచ్చేసరికి అక్షరాలు చీమల బారులా సన్నబడిపోయాయి. జూనియర్ అసిస్టెంటు నాగవేణిని రికార్డు గది నుంచి తీసుకొచ్చి ఆ బోర్డు కింద కూర్చోబెట్టారు. ఫోనెత్తడం, వాట్సాపు చూడడం, వచ్చిన ప్రతి కబురుకీ మార్కులు వెయ్యడం ఆవిడ పని.

ఈ మార్కుల వెనక ఒక కథ ఉంది. రెండేళ్ల క్రితం ఎవరో పుణ్యాత్ముడు గట్టు తెగిందని మెసేజి పెట్టాడు. పన్నెండు పడవలు, ముగ్గురు అధికారులు, ఒక అంబులెన్సు పరుగెత్తి వెళ్లి చూస్తే గట్టు చెక్కుచెదరలేదు. దాని మీద గేదెలు మేస్తున్నాయి. మర్నాడు పత్రికల వాళ్లు అధికారులనీ గేదెలనీ ఒకే ఫోటోలో వేశారు. ఆ ఫోటోలో గేదెలే కాస్త ధీమాగా కనిపించాయి. అప్పట్నుంచి పైవాళ్లకు వరదంటే భయం పోయింది, కబురంటే భయం పట్టుకుంది.

అందుకని సత్యసూచిక అనే యంత్రాన్ని తెప్పించారు. ప్రజలెవరు ఏ కబురు పంపినా అది నూటికి ఇన్ని మార్కులని వేస్తుంది. అరవై దాటితే తెర మీద పచ్చదీపం, పడవకు అనుమతి. దాటకపోతే ఎర్రదీపం, కబురు పంపినవాడికి ధన్యవాదాలు. ఆఫీసు కిటికీలోంచి చూస్తే రేవులో పడవలన్నీ వరసగా కట్టేసి ఉండేవి. సరంగులు వాటిలో కూర్చుని పచ్చదీపం కోసం కిటికీ వైపు చూస్తూ బీడీలు కాల్చేవారు.

విభాగానికి ప్రత్యేకాధికారి పరంధామయ్యగారు. ఆయన మంచివాడే. ఎవరికీ అపకారం చెయ్యడు, ఎవరినీ చెయ్యనివ్వడు, ఉపకారం విషయంలోనూ అదే పద్ధతి. నాగవేణికి మొదటిరోజే సిద్ధాంతం బోధించాడు.

"చూడమ్మా, మునుగుతున్నవాడికి పడవ కావాలి. పడవ కావలసినవాడు పడవ వచ్చేలాగే మాట్లాడతాడు. కాబట్టి సదరు వ్యక్తి స్వప్రయోజనం గల సాక్షి. అతనికి పాతిక మార్కులు తగ్గించాలి. నీళ్లతో ఎటువంటి సంబంధమూ లేనివాడు చెప్పేదే నిష్పాక్షికం."

"నీళ్లతో సంబంధం లేనివాళ్లకు నీళ్ల సంగతి ఎలా తెలుస్తుంది సార్?"

"అది వారి సమస్య. మన సమస్య విశ్వసనీయత."

ఇంకో నియమం కూడా ఉంది. ఇంతకుముందు నిజం చెప్పిన చరిత్ర ఉన్నవాళ్లకు మార్కులు ఎక్కువ. జన్మలో మొదటిసారి మునుగుతున్నవాడికి ఆ చరిత్ర ఎక్కడిది? అందుకని మొదటిసారి మునిగేవాళ్లు పాపం సున్నాతో మొదలెట్టాలి.

చరిత్ర విషయంలో జిల్లా మొత్తానికి ఒక్కడే మొనగాడు. విశ్రాంత లెక్కల మాస్టారు కోదండపాణి. కాకినాడలో మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. ఎండాకాలంలో ఈ విభాగాన్ని ప్రారంభించినప్పుడు, నిజమైన సమాచారం పంపండి అని నంబరుతో సహా ప్రకటన వేశారు. ప్రభుత్వం అడిగిందంటే పంపాలి గదా అని ఆయన ఆ రోజు నుంచి క్రమం తప్పకుండా పంపుతున్నాడు. "శుభోదయం. ఈ రోజు మంగళవారం. సూర్యోదయం అయిదూ నలభై ఎనిమిదికి అయినది." యంత్రం ప్రతి కబురునీ పంచాంగంతో సరిచూసి నిజమని తేల్చింది. అలా తొంభై రోజులు నిజం చెప్పగా చెప్పగా ఆయన మార్కులు తొంభై ఏడుకు చేరాయి.

సోమవారం వరద మొదలైన పూటే ఆయన శుభోదయానికి పచ్చదీపం వెలిగింది. పచ్చదీపం వెలిగాక పడవ కదలకపోతే సంజాయిషీ చెప్పుకోవాలి. కబురులో ఊరిపేరు లేదు కాబట్టి పంపినవాడి ఇంటికే వెళ్లాలన్నారు. పడవను లారీ మీద కట్టి కాకినాడ తీసుకెళ్లి అపార్టుమెంటు ముందు దింపారు. మాస్టారు కిందికి దిగివచ్చి, సరంగుకు కాఫీ ఇచ్చి, కాయితం మీద సంతకం పెట్టి పంపించాడు. ఆ సాయంత్రం పై అధికారులకు వెళ్లిన నివేదికలో "రక్షించబడినవారు: ఒకరు" అని ఉంది. ఒకసారి రక్షించినవాణ్ణి మళ్లీ రక్షించనక్కర్లేదని ఆ తరువాతి శుభోదయాలకు పడవ పంపలేదు. బుధవారం రాత్రికి కూడా అది ఒకరే.

గురువారం పొద్దున్న ఏడూ నలభైకి ఫోను మోగింది.

"మేడంగారండీ, బొడ్డోరి లంక నుంచండి. నా పేరు కాశీ అన్నవరవండి. అరిటితోటండి మాది. తోట పోయిందిలెండి, ఆ సంగతి తరవాత చూసుకుందారి. మేవందరం బడి డాబా ఎక్కేశావండి. బడికి మెట్లు ఇరవై రెండండి. తొమ్మిది మునిగిపోయినియ్యండి. పడవోటి పంపించండి."

ఫోను దగ్గర అతికించిన కాయితంలో ఇలాంటప్పుడు చెప్పవలసిన మాట రాసి ఉంది. "మీ సమాచారం నమోదైనది, నిర్ధారణ అనంతరం తగు చర్య తీసుకొనబడును." నాగవేణి ఆ కాయితం చూస్తూనే, "పంపిస్తాం బాబాయిగారూ, కంగారు పడకండి" అనేసింది. మాట నోరు జారిపోయింది. తొమ్మిదేళ్ల సర్వీసులో ఆవిడ ఎవరికీ ఏదీ పంపిస్తానని చెప్పి ఎరగదు.

"ఎంతమంది ఉన్నారని అడగలేదే" అని ఫోను పెట్టేశాక గుర్తొచ్చి మళ్లీ చేసింది. మా ఊరోళ్లం నలభై మూడు మందండి, అన్నాడు అన్నవరం.

వివరాలు యంత్రంలో పెట్టింది. మొదటిసారి పంపినవాడు, చరిత్ర లేదు. నీళ్లలో ఉన్నవాడు, పాతిక తగ్గింపు. పదకొండు మార్కులొచ్చాయి. ఎర్రదీపం వెలిగింది. కిటికీ బయట సరంగు బీడీ ముట్టించాడు.

ఈలోగా బొడ్డువారి లంక గురించే ఇంకో కబురొచ్చింది. పంపినాయన ఆ ఊరివాడే గానీ ఉద్యోగం బెంగుళూరులో. "మా ఊళ్లో వరదేమీ లేదు, అంతా పుకారు. పోయిన నెల వెళ్లొచ్చాను, బంతితోటలు బ్రహ్మాండంగా ఉన్నాయి" అని రాసి ఒక ఫోటో జతచేశాడు. అందులో బడి బోర్డు అక్షరం అక్షరం కనబడుతోంది. పంపినవాడు పొడినేల మీద ఉన్నాడు. యంత్రం డెబ్భై ఒకటి వేసింది.

పరంధామయ్యగారు రెండు కబుర్లనీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు. "భిన్నాభిప్రాయాలు ఉన్నప్పుడు సగటు తీసుకోవాలని మార్గదర్శకాల్లో ఉంది" అన్నాడు. సగటు నలభై ఒకటి వచ్చింది. ఊరు నలభై ఒక్క శాతం మునిగినట్టు ప్రజాభిప్రాయం వ్యక్తమవుతున్నదని పైకి నివేదిక రాశాడు.

"సార్, అన్నవరంగారు అక్కడే ఉన్నాడు సార్. ఆయన చూసి చెబుతున్నాడు."

"అదేనమ్మా నేను చెప్పేది. ఆయన అక్కడే ఉన్నాడు. మరో ఇద్దరి చేత వేరువేరు ఫోన్ల నుంచి చెప్పించండి, పరిశీలిద్దాం."

నాగవేణి ఫోను చేసింది. అందరి ఫోన్లూ చార్జింగు అయిపోయి చచ్చిపోయాయని, తన ఒక్కడిదే పాతకాలపుది కావడంతో బతికుందని అన్నవరం చెప్పాడు. ఫోటోలకు మాత్రం పంతులమ్మగారి ఫోను ఒకటి ఆర్పి దాచామండి, అన్నాడు.

"అయితే ఒక ఫోటో పంపండి బాబాయిగారూ. ఇవాళ్టి పేపరు ఎవరైనా చేత్తో పట్టుకుని నిలబడితే ఇంకా మంచిది."

"ఇయ్యేల్టి పేపరాండీ?" అన్నవరం ఓర్పుగా అడిగాడు. "పేపరేసే ఆయన గోదారి ఈదుకుంటా రావాలండి మరి. వత్తే గనక పట్టుకుంటావండి."

పేపరు లేకుండానే ఫోటో వచ్చింది. డాబా, చుట్టూ ఎర్రనీళ్లు, పరదాల కింద జనం, కోళ్లు, ఒక దూడ. బోర్డు లేదు, అది నీళ్లలో ఉంది. ముందు వరసలో పళ్లులేని ముసలావిడ ఒకతె నోరారా నవ్వుతోంది. యంత్రం ఆ నవ్వును ఎర్రగీతతో చుట్టి "భావ వైరుధ్యం" అని పది మార్కులు కోసేసింది.

"మా అమ్మండి" అన్నాడు అన్నవరం. "ఫొటో అంటే నవ్వాలనుకుందండి. పెళ్లికి కూడా ఎవరూ తియ్యలేదండి ఆవిణ్ణి."

"ఈసారి నవ్వొద్దని చెప్పండి బాబాయిగారూ" అంటుంటే నాగవేణికి తన మీద తనకే అసహ్యం వేసింది.

రెండో ఫోటోలో ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవరు చెప్పారో ఏమో, వెనక ఇద్దరు ఏడుస్తున్నారు కూడా. గంట తేడాలో నవ్వినవాళ్లు ఏడవడం "ప్రేరేపిత విషాదం" కిందికి వస్తుందని యంత్రం ఇంకో పది తీసేసింది. అప్పటికి పదమూడు మెట్లు మునిగాయి.

ఇంతలో ఒక ఆశ తగిలింది. బొడ్డువారి లంక వీఆర్వో లోవరాజు ఆ డాబా మీదే ఉన్నాడు. సాక్షాత్తూ ప్రభుత్వోద్యోగి. అన్నవరం ఫోనులోంచే ధ్రువపత్రం చదివి రాయించాడు. "కింద సంతకం చేసిన నేను, ఈ రోజు ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు బడి డాబాపై స్వయముగా నిలబడి, నాలుగు దిక్కులా పరిశీలించి, నాలుగు దిక్కులా నీరే ఉన్నట్లు ధ్రువీకరించడమైనది."

పరంధామయ్యగారు ధ్రువపత్రాన్ని రెండుసార్లు చదివి భాష బాగుందన్నాడు. తరువాత కళ్లద్దాలు తీశాడు.

"ఇంతకీ ఈయన కాళ్లు తడిశాయా?"

"మోకాళ్ల దాకా తడిశాయట సార్."

"అయితే బాధితుడు. బాధితుడు తన గురించి తాను ధ్రువపత్రం ఇచ్చుకోకూడదు."

"తడవకపోయుంటే ఒప్పుకునేవారా సార్?"

"తడవకపోతే నీటిని సమీపించలేదన్నమాట. విధి నిర్వహణలో నిర్లక్ష్యం."

నాగవేణి ధ్రువపత్రాన్ని మళ్లీ ఆయన ముందుకే జరిపింది. పరంధామయ్యగారికే జాలేసినట్టుంది. బాధితుల సమూహంలో భాగం కాకుండా, విడిగా, తటస్థ స్థానంలో ఉండి ధ్రువీకరిస్తే ఎనిమిది మార్కులు పరిశీలించవచ్చునన్నాడు. ఈ మాట చేరగానే లోవరాజు డాబా మీది నీళ్ల ట్యాంకు ఎక్కి కూర్చున్నాడు. "అన్నవరంగారూ, నేను విధి నిర్వహణలో ఉన్నానండి. నన్ను మీలో లెక్కెయ్యకండి, సర్టిఫికెట్టు చెల్లదు" అని పైనుంచి కేకేసి మళ్లీ చదివాడు. ఎనిమిది మార్కులూ వచ్చాయి. అయినా సగటు అరవైకి చాలా దూరంలో ఉండిపోయింది.

పదకొండున్నరకు అన్నవరం మళ్లీ ఫోను చేశాడు. ఈసారి గొంతులో ఆ ఓర్పు లేదు.

"మేడంగారండీ, పదిహేడో మెట్టు కూడా తడుత్తందండి. పంపిత్తానన్నారు గదండీ. మా అమ్మ ఇందాకట్నుంచీ అడుగుతా ఉందండి, ఆ అమ్మాయి మాటిచ్చింది గదరా అని. ఏం చెప్పమంటారండీ?"

నాగవేణి కిటికీలోంచి చూస్తే అక్కడే, కూతవేటు దూరంలో, పడవలు తాళ్లకు కట్టేసి ఊగుతున్నాయి. ఎవరో ఒకరు వెళ్లి తాడు విప్పితే సరిపోయేదానికి ఇంత యంత్రం, ఇంత విభాగం. అప్పుడు ఆవిడకు లారీ ఎక్కి వెళ్లిన పడవ గుర్తుకొచ్చింది. సొంత ఫోను తీసుకుని వరండాలోకి నడిచింది.

"మాస్టారూ, వరద కేంద్రం నుంచి నాగవేణినండి."

"మళ్లీ పడవొస్తోందా అమ్మా?" అన్నాడు కోదండపాణి మాస్టారు. "వస్తే కిందే ఆపమను. లిఫ్టు చెడిపోయింది."

ఆవిడ సంగతంతా ఒక్క బిగిన చెప్పేసింది. బొడ్డువారి లంకలో నలభై మూడు మంది ఉన్నారని ఒక్క మెసేజి పెట్టండి, మీ మార్కులతో పడవ కదులుతుంది అని బతిమాలింది.

"నాకు తెలియనిది నేను చెప్పనమ్మా" అన్నాడు మాస్టారు. "తొంభై రోజులూ పిట్టగోడ దగ్గర నిలబడి సూర్యుణ్ణి చూసిన తరువాతే రాశాను. మబ్బున్న రోజు మబ్బని రాశాను."

ఈయనా ఆ తానులో గుడ్డే అనుకుంది నాగవేణి. అంతలో ఆయన, "ఆ అన్నవరం నంబరియ్యి" అన్నాడు.

పదకొండు నిమిషాలు గడిచాయి. ఆ పదకొండు నిమిషాలూ ఆవిడ వరండాలో స్తంభం పట్టుకుని నిలబడే ఉంది. ఫోను మోగింది.

"మాట్లాడానమ్మా. అతను కాక ఇంకో ముగ్గుర్ని పిలిపించి విడివిడిగా అడిగాను. మెట్లెన్నంటే ముగ్గురూ ఇరవై రెండే అన్నారు. అబద్ధం చెప్పేవాళ్లకు మెట్లు లెక్క కలవదు. నీళ్ల చప్పుడు విన్నాను. ముసలావిడ ఒకావిడ, కాఫీ తాగారా బాబూ అని నన్నే అడిగింది." ఆయన లెక్కలోకి దిగాడు. "నాలుగ్గంటల్లో ఎనిమిది మెట్లమ్మా. గంటకు రెండు. ఇంకా అయిదున్నాయి. రెండున్నర గంటలు. ఇది ఇంతసేపు చూడవలసిన లెక్క కాదు."

పదకొండూ యాభై రెండుకు మెసేజి వచ్చింది. "శుభోదయం. ఈ రోజు గురువారం. బొడ్డువారి లంక బడి డాబాపై నలభై మూడు మంది కలరు. మెట్లు అయిదు మిగిలినవి. రెండు గంటల పది నిమిషాలకు డాబా మునుగును."

తెర మీద తొంభై ఏడు. పచ్చదీపం.

పరంధామయ్యగారు లేచి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. గోడ గడియారం వంక చూశాడు. "శుభోదయం అంటున్నారు. పన్నెండు కాలేదు కదా?"

"ఎనిమిది నిమిషాలుంది సార్."

"అయితే వాస్తవమే. సదరు సాక్షి ఎక్కడైనా తడిశాడా?"

"లేదు సార్. మూడో అంతస్తు. మొన్న మన పడవే వెళ్లి చూసొచ్చింది."

"శ్రేష్ఠమైన సాక్షి" అన్నాడు పరంధామయ్యగారు మనస్ఫూర్తిగా, అనుమతి మీద సంతకం పెడుతూ.

నాగవేణి కిటికీలోంచి చెయ్యి ఊపింది. రెండు పడవలు బీడీలు ఆరకముందే రేవు దాటాయి. అవి లంక చేరేసరికి ఒంటిగంటా నలభై అయింది. ఇరవై రెండో మెట్టు ఒక్కటే నీళ్ల పైన ఉంది.

మూడున్నరకు పడవలు రేవుకొచ్చాయి. ఫోను పక్కన పెట్టేసి నాగవేణి పరుగెత్తుకెళ్లింది. కోళ్లు దిగాయి, దూడ దిగింది, పిల్లల్ని చేతులు మార్చి దింపారు. చివర్లో అన్నవరం తల్లిని ఎత్తుకుని దిగాడు. ముసలావిడ నాగవేణిని ఎగాదిగా చూసి, "మాటిచ్చిన పిల్లవి నువ్వేనా" అని చెంపలు నిమిరింది. నాగవేణి అందరి ముందూ ఏడ్చేసింది. యంత్రం దగ్గర లేకపోవడంతో దానికి ఎవరూ మార్కులు తగ్గించలేదు.

పరంధామయ్యగారు మాత్రం గొడుగు కింద నిలబడి తలలు లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"నలభై నాలుగు మంది ఉన్నారు. సమాచారంలో నలభై మూడు అని ఉంది."

వెనక నుంచి వీఆర్వో లోవరాజు ముందుకొచ్చి, "ఆ ఒక్కడూ నేనేనండి" అన్నాడు. "మీరు తటస్థంగా ఉండమన్నారు గదండీ. అందుకని లెక్కలోకి రాలేదండి."

"లెక్కలో లేనివారు పడవలో ఎలా ఉన్నారు?"

"నీళ్లు తటస్థంగా లేవండి" అన్నాడు లోవరాజు.

ఆఫీసు వేళ ముగిసేలోగా విచారణ పూర్తయింది. నలభై నాలుగు మందిని నలభై మూడని చెప్పడం తప్పుడు సమాచారం. కోదండపాణి మాస్టారి మార్కులు తొంభై ఏడు నుంచి పన్నెండుకు పడిపోయాయి. సాక్షిని సొంత ఫోనులో ప్రేరేపించినందుకు నాగవేణికి మెమో ఇవ్వాలని, మర్నాడు ఉదయం దాన్ని జారీ చెయ్యాలని తీర్మానమైంది. రక్షించబడినవారి సంఖ్య మీద వివాదం ఉన్నందున నివేదికలో "ఒకరు" అన్నదాన్నే ఉంచారు.

మర్నాడు ఉదయం ఆఫీసు తెరవగానే తెర మీద కబురుంది. "శుభోదయం. ఈ రోజు శుక్రవారం. మబ్బుగా ఉన్నది." కింద ఎర్రదీపం. మరో ఇద్దరు వేరువేరు ఫోన్ల నుంచి ధ్రువీకరించేవరకు ఈ సమాచారాన్ని విశ్వసించరాదని యంత్రం రాసింది.

పరంధామయ్యగారు మెమో కాయితం ముందు పెట్టుకుని కలం మూత తీశాడు. "తేదీ వెయ్యాలి. ఇవాళ ఏం వారం?"

నాగవేణి చేతులు కట్టుకుని నిలబడింది. "శుక్రవారమని ఒకాయన చెప్పారు సార్. ఆయనకు పన్నెండు మార్కులే ఉన్నాయి."

ఆయన తలెత్తి గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. నాలుగురోజుల వానకు ఆ గోడ పైనుంచి కిందిదాకా చెమ్మగిల్లి ఉంది.

"అది తడిసింది సార్" అంది నాగవేణి.

పరంధామయ్యగారు చాలాసేపు ఆలోచించాడు. నిజాయితీ గల మనిషి, తన సిద్ధాంతాన్ని తనే తప్పలేడు. కలానికి మూత పెట్టాడు. మెమో తేదీ లేకుండా ఫైల్లోకి వెళ్లింది, ఇప్పటికీ అందులోనే ఉంది.

ఆయన టీకి వెళ్లాక నాగవేణి తన ఫోను తీసి మాస్టారికి మెసేజి పెట్టింది. "అవునండి, శుక్రవారమే. అన్నవరంగారి అమ్మగారు మీరు కాఫీ తాగారా అని అడగమన్నారు."